బొమ్మ లేని ఇంగ్లీషు

పోయిన నెల ఒక సాయంత్రం రహమత్ చిచ్చా మనవరాలు సానియా మా ఇంటికి వచ్చింది. పదిహేనేళ్ళ పిల్ల. పెళ్ళిళ్ళకు హైదరాబాదు పోయిరావడం తప్ప మెదక్ దాటి ఎరగదు. అయినా మా గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్న ఇంగ్లీషు వింటే, ఈ పిల్ల ఖిల్లా గుట్ట కింద కాక ఏ మంచు కురిసే ఊళ్ళోనో పుట్టి, పొరపాటున రామాయంపేట బస్సెక్కి ఇక్కడ దిగిందనుకుంటారు. కోచింగ్ లేదు, ట్యూషన్ లేదు. పరాయి దేశాల సీరియళ్ళు చూస్తుంది. కింద పడే అక్షరాలు చదువుకుంటుంది. నచ్చిన మాట వస్తే వెనక్కి జరిపి పదిసార్లు వింటుంది. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి అదే మాటను అదే మూతి విరుపుతో అంటుంది. అంతే, వచ్చేసింది. పెద్దవాళ్ళు ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నారో అడిగి రాసుకురమ్మని బడిలో పని ఇచ్చారట. "ఆంటీ, నువ్వు ఖరాబైన టీవీలు చూసి నేర్చుకున్నవంట గదా? మా దాదీ చెప్పింది" అంటూ నోటుబుక్కు తెరిచి నా ఎదురుగా కూర్చుంది.

అలా కూర్చున్నవాళ్ళను ఉత్త చేతులతో పంపడం నాకు చేతకాదు. మా ఇంటి బల్లికి ఇంగ్లీషు వార్తలు అర్థమయ్యేవనీ, వార్తల్లో తుపాను అనగానే అది ట్యూబులైటు వెనక్కి పోయి దాక్కునేదనీ చెప్పాను. చేగుంట నుంచి మరమ్మతుకు వచ్చిన ఒక సెట్టు ఎంత ముసలిదంటే, అందులో క్రికెట్ పెడితే ఇరవై ఏళ్ళ ఆటగాడు కూడా నెరిసిన గడ్డంతో కనిపించేవాడని చెప్పాను. సానియా రాయడం మానేసి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వడం అయ్యాక, "ఇగ గా అచార్ ఫోను కథ చెప్పు. శోభ లేకుంటే నేను లేను అని తాత ఊరందరికీ చెప్తడు" అంది.

అదీ చెప్పాను. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నట్టే, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఎక్కడ గొంతు తగ్గించాలో అక్కడ తగ్గించి చెప్పాను. అంతా విని ఆ పిల్ల కనుబొమలు ముడిచింది.

"ఒక్కటి సమజ్ కాలే ఆంటీ. ఫస్ట్ ఫోన్‌ల నర్సు చిన్న దెబ్బే అన్నది. గంటకు ఫోన్ చేసి కాలు తియ్యాలె అన్నది. గంటల గంత ఎట్ల మారుతది?"

"చాయ్ తాగుతవా?" అన్నాను.

ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. సీరియళ్ళు చూసి భాష నేర్చుకున్న పిల్లలకు కథలో అతుకు ఎక్కడ పడిందో కూడా తెలిసిపోతుంది కాబోలు. నేను చాయ్ పెట్టడానికి లోపలికి పోయాను. ఆ పిల్ల ఊరుకోదు. ఇంటికి పోయి ఇదే ప్రశ్న వాళ్ళ తాతను అడుగుతుంది. ఆయన ఆలోచిస్తాడు. ఆయన ఆ పని చేస్తాడేమోనని నేను పధ్నాలుగేళ్ళ వయసు నుంచి భయపడుతూనే ఉన్నాను.

బాపు టీవీ మెకానిక్. ఖిల్లాకు పోయే దారిలో మా ఇల్లు. ముందు గది షాపు, వెనక రెండు గదుల్లో మా బతుకు. ఇల్లంతా తీగలు అతకడానికి వాడే రోసిన్ కాలిన వాసన ఉండేది. సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే లేచే ఆ సన్నటి పొగ అమ్మ వండే పప్పులోకి, నా బడి బట్టల్లోకి, ఆఖరికి తలకు రాసుకునే కొబ్బరినూనెలోకి కూడా చేరేది. శోభ వచ్చిందని క్లాసులో కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు. రామాయంపేట నుంచి, శంకరంపేట నుంచి జనం సెట్లను దుప్పట్లలో చుట్టి, బస్సులో చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాళ్ళు. బాపు దుప్పటి విప్పి, వెనక డబ్బా ఊడదీసి, ముందుగా ముక్కు పెట్టి వాసన చూసేవాడు. ఏది కాలిందో మీటరు కన్నా ముందు ఆయన ముక్కు చెప్పేది. నేను దగ్గరికి పోతే మాత్రం కసిరేవాడు. "లోపల చెయ్యి పెట్టకు బిడ్డా. బంద్ చేసినంక గూడ ట్యూబుల కరెంటుంటది. సప్పుడు చెయ్యదు, ముట్టుకుంటేనే కొడ్తది." ఆ మాట విన్న రోజు నుంచి ఆపేసి ఉన్న టీవీ పక్క నుంచి నడవాలన్నా నా వీపు జలదరించేది. నడుస్తున్న టీవీ దగ్గర మాత్రం భయం ఉండేది కాదు.

బాపుకు ఒక పద్ధతి ఉండేది. బాగుచేసిన సెట్టును వెంటనే ఇచ్చేసేవాడు కాదు. మూడు గంటలు "రన్నింగు"లో పెట్టేవాడు. వేడెక్కాక తిరగబెట్టే రోగం ఏదైనా ఉంటే ఆ మూడు గంటల్లో బయటపడాలని ఆయన లెక్క. రన్నింగుకు ఇంగ్లీషు చానలే పెట్టేవాడు. ఇంగ్లీషు సినిమాల్లో చీకటి ఎక్కువ, ట్యూబు జబ్బు చీకట్లోనే తెలుస్తుంది అనేవాడు. అలా మా గల్లీ ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట ఒక కొత్త అలవాటు పట్టింది. వంటలు ముగించుకుని, చేతిలో ఏదో ఒక పని పట్టుకుని, మా షాపు అరుగు మీదికి చేరేవాళ్ళు. పక్కింటి నసీమ్ ఖాలా చీరలకు ఫాల్ కుట్టుకుంటూ అందరికన్నా ముందు కూర్చునేది. వాళ్ళాయన రహమత్ చిచ్చా సౌదీలో లారీ నడిపేవాడు. తెర మీద ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఖాలా సూది ఆపి అడిగేది. "ఏమంటుండే శోభా?"

నాది తెలుగు మీడియం. బడిలో ఇంగ్లీషు సారు పాఠాన్ని తెలుగులోనే చెప్పి ముగించేవాడు. తెరలో వాళ్ళు ఏమంటున్నారో నాకేం తెలుసు? కానీ బొమ్మ కనబడుతోంది కదా. మొహాలు చూసి కథ అల్లేదాన్ని. కోర్టులో ఇద్దరు అరుచుకుంటుంటే, అన్నదమ్ముల భూమి పంచాయితీ అనీ, గట్టు మీది యాపచెట్టు ఎవరిదో తేలడం లేదనీ చెప్పేదాన్ని. అరుగు మొత్తం ఏదో ఒక పక్షం తీసుకునేది. నా అనువాదాల్లో ఒక నియమం ఉండేది. ఎవరూ చచ్చిపోరు. తెర మీద ఎవడైనా నెత్తురు కక్కుకుని పడిపోతే, "మూర్ఛ వచ్చింది, దవాఖానకు తీస్కపోతుండ్రు" అనేదాన్ని. ఓడ ఎక్కి పోయినవాడు కనబడకుండా పోతే ఖాలా కళ్ళు నా మీదికి తిరిగేవి. "మల్ల వస్తడా?" "వస్తడు ఖాలా, గా ముసలామెతోని అదే చెప్తుండు." ఆమె సూదిలో దారం ఎక్కించుకుని స్థిమితంగా కుట్టుకునేది. ఇది పాపం అని నాకు ఒక్కరోజు కూడా అనిపించలేదు. పైగా గల్లీలో నాకు "ఇంగ్లీషు శోభ" అని పేరు వచ్చింది.

అబద్ధాల మధ్య నుంచి కొంత నిజం కూడా లోపలికి దిగింది. దానికి కారణం రామాయంపేట హోటలాయన సెట్టు. దాని పిక్చర్ ట్యూబు పోయింది, కొత్తది హైదరాబాదు నుంచి రావాలి. అది వచ్చేదాకా నెలల తరబడి ఆ సెట్టు అల్మారా మీద కూర్చుని బొమ్మ లేకుండా మాట్లాడేది. ఆడవాళ్ళు వెళ్ళిపోయాక నేను దాని కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. మొహం కనబడితే నేను అల్లగలను. ఉత్త గొంతు ముందు నా విద్య పారేది కాదు, వినడం తప్ప దారి లేదు. వంటల మనిషి, కుస్తీల మనిషి, పాముల వెంట తిరిగే మనిషి, వార్తలామె, ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పిందే చెప్పేవాళ్ళు. వంటాయన ఉల్లిగడ్డ కోయమంటే పక్కన చాకు చప్పుడు వినబడేది. కుస్తీలో మోకాలు అనగానే వేలమంది అరిచేవాళ్ళు. ప్రకటనలు రాబోతుంటే, "ఎటూ పోవద్దు, ఇప్పుడే వస్తాం" అని ప్రతి ఒక్కరూ ఒకేలా బతిమాలేవాళ్ళు. "డోంట్ గో అవే, వి విల్ బి రైట్ బ్యాక్." నేను కాపీ వెనక పేజీలో రాసుకుని, గొంతు మార్చి అని చూసుకునేదాన్ని. నేర్చుకుంటున్నానని తెలియకుండానే నేర్చుకున్నాను. ఆ సంగతి నాకు తెలిసేసరికి నేను ఫోను పట్టుకుని ఉన్నాను.

యాదగిరి ఎస్టీడీ బూతు మా షాపుకు నాలుగిళ్ళ అవతల ఉండేది. గల్లీలో గల్ఫ్‌కు పోయిన ప్రతివాడూ అక్కడ ఇచ్చే నంబరు అదే. ఆ మధ్యాహ్నం యాదగిరి చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. "శోభా, దౌడు! సౌదీ నుంచి ఫోనొచ్చింది. నసీమమ్మకే. ఎవరో మేడం, అంతా ఇంగ్లీషే మాట్లాడ్తుంది. లైన్ల ఉంది." అరుగు మీద నుంచి ఖాలా లేచింది. ఆమెకు ఏడో నెల, మూడో కాన్పు. మూడు నెలలుగా చిచ్చా దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఒక చేత్తో నడుము, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని నడిచింది. దారి పొడుగునా ఒకటే మాట. "మంచిగ వినవే. జర మంచిగ విను."

బూతులో అద్దాల డబ్బా ఉండేది, ఒక్కరే పట్టేంత. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. ఖాలా బయట నిలబడి అద్దానికి అరచెయ్యి ఆనించింది. రిసీవరు చెవికి పెట్టుకుంటే ముందు గాలి హోరు వినబడింది, దాని వెనక ఒక ఆడగొంతు. నర్సునని చెప్పింది. రహమత్ కుటుంబమా అని అడిగింది. "యెస్" అన్నాను. ఆ తర్వాత ఆమె చెప్పిన ఒక్కో మాటా ఒక్కో కార్యక్రమం నుంచి లేచి వచ్చింది. యాక్సిడెంట్, ట్రక్ అన్నది వార్తల్లోని మాట. లెగ్ కుస్తీల్లోది. పాయిజన్, స్ప్రెడింగ్ అన్నవి పాములాయనవి, విషం పైకి పాకుతోందని చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గించేవాడు, ఈమె కూడా తగ్గించింది. ఆఖరుకు "కట్" అంది. నాకు చెక్క పీట మీద క్యారెట్టూ, దాని మీద దిగుతున్న చాకూ కనబడ్డాయి. డాక్టరు కాలు తీసేయాలంటున్నాడు. తీయకపోతే బతకడు. ఆయన ఒప్పుకోవడం లేదు, నా భార్యను అడగండి, ఆమె సరే అంటేనే అంటున్నాడు. మంచం మీద నుంచి ఫోను దగ్గరికి రాలేడు. భార్య అక్కడ ఉందా? ఇప్పుడే అడుగు, నేను ఆగుతాను.

నాకు అర్థం కాలేదేమో అని ఆ తర్వాత ఎన్ని వందలసార్లు నన్ను నేను నమ్మించుకోబోయానో. నమ్మలేకపోయాను. అర్థమైంది. ఒక్క మాట పొల్లుపోకుండా అర్థమైంది.

తలుపు తీశాను. ఖాలా మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. కళ్ళు సరిగ్గా అరుగు మీద అడిగేటప్పటిలాగే ఉన్నాయి. "ఏమంటుండే?"

నా నోరు దానికి అలవాటైన పని చేసింది. "మంచిగున్నడు ఖాలా. కాలికి జర దెబ్బ తాకిందంట. పట్టి కట్టిండ్రంట."

"యా అల్లా, షుకర్" అని దేవుడికి కృతజ్ఞత చెప్పుకుని, ఆమె రెండు చేతులతో నా కణతలు నిమిరి, తన తలకు ఆనించి మెటికలు విరిచింది. పటపటమని పది వేళ్ళూ మోగాయి. నేను వెనక్కి తిరిగి ఫోనులో, "వన్ అవర్. ప్లీజ్, కాల్ వన్ అవర్" అన్నాను. అటువైపు నర్సు ఊపిరి పీల్చుకోవడం వినబడింది. గంటకు మించి వద్దు, గంట కూడా ఎక్కువే అంది. ఫోను పెట్టేశాక ఖాలాతో, "గంటకు మల్ల చేస్తరంట" అన్నాను. ఆమె నవ్వుకుంటూ ఇంటికి పోయింది. ఆ గంట ఎవరూ ఇస్తామనలేదు. నేనే అడిగి తీసుకున్నాను.

షాపుకు వచ్చి బల్ల కింద కూర్చున్నాను. పైన రన్నింగులో ఉన్న సెట్టు ఏదో వాగుతోంది. కాసేపటికి గల్లీలోంచి నెయ్యిలో సేమియా వేగుతున్న వాసన వచ్చింది. మంచి కబురు వచ్చిందని ఖాలా అందరికీ మీఠా చేస్తోంది.  ఇంతలో రోసిన్ పొగ వాసన తగ్గింది. బాపు పని ఆపాడని అర్థమైంది. బల్ల కిందికి వంగి చూశాడు.

"గీడ దాక్కున్నవేందే? ఫోన్ల ఏమన్నరు? నాకు సక్కగ చెప్పు."

చెప్పాను. ఏడుస్తూ, వెనకా ముందూ కలిపి, అంతా చెప్పాను. బాపు నన్ను కొడతాడనుకున్నాను. ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "ఎంతసేపాయె?"

"ఇరవై నిమిషాలు."

"నడువు."

"నువ్వే చెప్పు బాపూ. నాకు భయమైతుంది."

"నేను ఫోన్ల మాట విన్ననా? ఖరాబు చేసింది నువ్వు, విప్పి చూపెట్టుడు గూడ నువ్వే. నేను పక్కకు నిలవడ్త, పా."

ఖాలా పొయ్యి ముందు పీట మీద కూర్చుని గరిటె తిప్పుతోంది. చుట్టూ నలుగురు ఆడవాళ్ళు. నేను గుమ్మం పట్టుకుని ఒక్క ఊపిరిలో అనేశాను. "ఖాలా, నేను అబద్ధం చెప్పిన. చిచ్చా మంచిగలేడు. కాలు తియ్యాలంటుండ్రు. నువ్వు హా అంటేనే తీస్తరంట. తియ్యకుంటే బతకడంట."

ఖాలా నవ్వింది. "చూడుండ్రే, పోరి కథ ఎట్ల మార్చిందో! మొన్న ఓడ సినిమాల గూడ గిట్లనే. మునిగిండు అన్నది, మల్ల తేలిండు అన్నది. రా, కూసో. సేమియా తిందువు."

ఆడవాళ్ళు కూడా నవ్వారు.  అబద్ధం దొరికిపోతే ఏమవుతుందో అని ఆ ఇరవై నిమిషాలూ భయపడ్డాను. నిజం చెబితే ఎవరూ నమ్మకపోవడం అనేది ఒకటుంటుందని నాకు తట్టనేలేదు.

"నసీమమ్మా, పిల్ల నిజమే చెప్తుంది" అన్నాడు బాపు.

"మీరు విన్నరా భాయ్‌సాబ్?"

"నేను వినలే. దాని మొఖం చూసి చెప్తున్న."

"నేను గూడ దాని మొఖం చూసే నమ్మిన గదా." ఖాలా నవ్వు అక్కడితో పోయింది. గరిటె కింద పెట్టింది. "ఏది నిజం? ఇందాక చెప్పిందా, ఇప్పుడు చెప్పిందా? ఇది గూడ కథే అయితే? ఒక పోరి కథకు హా అని, నా మొగని కాలు నేను తీపియ్యాల్నా?"

 గిన్నెలో పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి. ఆమె లేచి, బుర్ఖా కూడా వేసుకోకుండా, దుపట్టా తలమీద లాక్కుని బూతు వైపు నడిచింది. నా వైపు చూడలేదు. ఈసారి నా భుజం పట్టుకోలేదు.

ఆ మిగిలిన అరగంట ఎలా గడిచిందో రాయడానికి నాకు మాటలు రావు, మాటలు రాకపోవడం నాకు కొత్త. యాదగిరి గడియారం కింద ఖాలా బల్ల మీద కూర్చుంది, నేను నిలబడ్డాను. అంతదూరాన విషం ఏ మేరకు పాకిందోనని నా కాలినే చూసుకున్నాను. ఫోను మోగగానే ఇద్దరం డబ్బాలోకి దూరాం. ఆమె కడుపు నా వీపుకు తగులుతోంది, లోపల పిల్ల కదలడం నాకు తెలుస్తోంది. నర్సు పలకరింపు కూడా లేకుండా, "యెస్ ఆర్ నో?" అంది.

ఖాలా నా చెవిలో, "ఆయన్ని ఒక మాట అడిగి రమ్మను. పాస్‌పోర్టు మీద ఏం పడ్డదో చెప్పమను. గది నాకు, ఆయనకు తప్ప ఎవ్వరికి తెల్వదు. నీకు గూడ తెల్వదు" అంది.

"మేడం, ప్లీజ్ ఆస్క్ హిమ్. పాస్‌పోర్ట్. వాట్ ఫాల్ ఆన్ పాస్‌పోర్ట్?"

పాస్‌పోర్టు ఏమిటి, టైము లేదు, డాక్టరు నిలబడి ఉన్నాడు అని ఆమె కేకలేసింది. అప్పుడు నేను ఏ సెట్టులోనూ వినని ఒక వాక్యం అన్నాను. ఏ వంటాయనా, ఏ వార్తలామే నాకది ఇవ్వలేదు. నా అంతట నేను కట్టుకున్న మొదటి ఇంగ్లీషు వాక్యం అది. "ఐ టోల్డ్ లై. వైఫ్ నో బిలీవ్ మి."

నేను అబద్ధం చెప్పాను, ఆయన భార్య నన్ను నమ్మడం లేదు.  అటువైపు నర్సు గొంతు మారింది. ఆగు, అడిగి వస్తాను అంది. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు వినబడేసరికి నాకు లైను తెగిపోతుందేమోనని భయమేసి గట్టిగా అరిచాను. "డోంట్ గో అవే! వి విల్ బి రైట్ బ్యాక్!"

"పోయేది నేను తల్లీ, నువ్వు పోకు" అన్న అర్థంలో దూరం నుంచి ఆమె ఏదో అంది. నవ్విందేమో కూడా.

ఎంతసేపో తెలియదు. అద్దం అవతల బాపు, యాదగిరి, గల్లీ ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, శబ్దం పోయిన సెట్టులో బొమ్మల్లా. గొంతు తిరిగి వచ్చింది. నేను రిసీవరును ఖాలా చెవికి ఆనించి, నా చెవి దానికి అంటించాను. నర్సు ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ పలికింది. "ఆమ్... కా... అచార్."

చిచ్చా సౌదీకి బయల్దేరిన రోజు ఖాలా కట్టిచ్చిన మామిడి ఊరగాయ సీసా సంచిలో కారి, నూనె పాస్‌పోర్టు మీదికి పాకిందట. మరకను చూసి విమానం ఎక్కనివ్వరేమోనని ఇద్దరూ తలుపులు వేసుకుని, దాని మీద మొహం పౌడరు చల్లి, ఇస్త్రీ పెట్టె ఆనించి, దేవుడా అనుకుంటూ కూర్చున్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. ఆ రెండు మాటలు వినగానే ఖాలా ఒళ్ళంతా బరువుగా నా మీద ఒరిగింది. ఏడవలేదు.

"హా అను."

"ఖాలా..."

"హా అనవే. కోసెయ్యమను. మనిషిని పంపమను."

"యెస్" అన్నాను. "వైఫ్ సేస్ యెస్. కట్."

చిచ్చా కొన్ని నెలలకు తిరిగి వచ్చాడు. కుడికాలు మోకాలి పైదాకా లేదు. ఆ చిన్న ఊరి దవాఖానలో హిందీ తెలిసిన మనిషి ఒక్కడే ఉండేవాడట. ఆయన కూడా అదే లారీలో చిచ్చా పక్కన కూర్చుని, అదే ప్రమాదంలో పడ్డాడట. అందుకే నర్సు చిచ్చాతో వచ్చీరాని అరబ్బీలో, ఇంటికి ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చిందట. కారు దిగగానే చిచ్చా నన్ను పిలిపించాడు. సెట్ల వెనక దాక్కున్న నన్ను బాపు చెయ్యి పట్టి లాక్కుపోయాడు. "నా జాన్ బచాయించిన బిడ్డ" అని చిచ్చా నా తల మీద చెయ్యి పెట్టాడు. నేను ఖాలా వైపు చూశాను. ఆమె చాయ్ తేవడానికి లోపలికి పోయింది. ఆ రోజు పొయ్యి దగ్గర నా మాట విన్న ఆడవాళ్ళు కూడా దాన్ని బయటపెట్టలేదు, అప్పటికే ఊరు తన కథ తాను కట్టుకుంది. మొదట చిన్న దెబ్బ అన్నారు, గంటలో విషమించింది, పిల్ల ధైర్యంగా మాట్లాడింది. నేను దాన్ని దిద్దలేదు. పైగా ఏటేటా నున్నగా చేసుకుంటూ వచ్చాను. మోకాలు మిగిలేదా, ఆ గంట నేను తీసుకోకపోతే మోకాలి కిందికే కోసి ఉండేవాళ్ళా? ఎంతోమంది డాక్టర్లు పరిచయమయ్యారు, వాళ్ళ పిల్లలకు పాఠాలు చెప్పాను, ఒక్కరిని కూడా అడగలేదు. అవును అంటారేమోనని.

ఇప్పుడు నేను ఇదే ఊళ్ళో ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నాను. సినిమాలు చూడండి, పాటలు వినండి, ఆటల కామెంటరీ వినండి, భాష దానంతటదే ఎక్కుతుందని పిల్లలకు నేనే చెబుతాను. అది నిజం కూడా. సానియా తరం దగ్గర ఉన్నది చూస్తే నాకు అసూయ పుడుతుంది. అర్థం కాకపోతే ఆపుకోవచ్చు, నెమ్మదిగా నడిపించుకోవచ్చు, కింద అక్షరాలు చూసుకోవచ్చు. తప్పు అర్థం చేసుకున్నా ఎవరి కాలూ పోదు. ముక్కూ మొహం తెలియని దేశాల పిల్లలతో ఆటల్లో అరుచుకుంటుంది, తప్పులు మాట్లాడి నవ్వుకుంటుంది. నాకు ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఎవరైనా ఇంగ్లీషులో "ఇప్పుడే అడుగు, నేను ఆగుతాను" అన్న ధోరణిలో మాట్లాడితే చెమటలు పడతాయి. బ్యాంకువాళ్ళు ఫోను చేసినా అంతే. మా తెరలకు వెనక్కి జరిపే మీట లేదు, ఫోనుకు అసలే లేదు. అయితే ఒకటి గమనించాను. ఆ పిల్ల కథను వెనక్కి జరిపి చూసింది. అర్థం కానిచోట ఆపి, ఇది కుదరడం లేదు అంది. మేము అరుగు మీద ఒక్కరం కూడా అలా అనలేదు.

సానియా వచ్చి పోయిన మూడోనాడు పొద్దున్నే చిచ్చా వాళ్ళింటికి పోయాను. ఎవరో అడిగితే చెప్పడం కన్నా నేనే చెప్పేస్తే మేలనిపించింది. పక్కింటికి నడవడానికి మూడుసార్లు వెనక్కి తిరిగాను. చిచ్చా వాకిట్లో మంచం మీద ఎండకు కూర్చున్నాడు. ఖాలా కింద చాప మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. సానియా బడికి పోయింది. నేను మంచం కోడు పక్కన నేల మీద కూర్చుని మొదలుపెట్టాను.

"వదిలెయ్యవే, ఎన్నటి ముచ్చట" అంది ఖాలా, నేనేం చెప్పబోతున్నానో కనిపెట్టి.

"చెప్పనీ" అన్నాడు చిచ్చా.

ఏ అలంకారమూ లేకుండా చెప్పాను. మొదటి ఫోనులో నర్సు అన్నది అన్నట్టు, ఖాలాతో నేను అన్నది అన్నట్టు, గంట కావాలని అడిగింది నేనేనని. తలెత్తకుండా, గచ్చు మీద పడిన ఎండను చూస్తూ చెప్పాను. ఖాలా చిక్కుడుకాయలు తుంచుతూనే ఉంది.

"గంటనా?" అన్నాడు ఆయన.

"గంట, చిచ్చా."

"నాకు యాదికుంది గా గంట. నర్సమ్మ వచ్చి, ఇంక గంట ఆగాలంట అని కాళ్ళ మీద దుప్పటి కప్పి పోయింది. నేను దుప్పటి తీసేసిన. కాలి ఏళ్ళు కదిలిచ్చి చూసిన. బొటనేలు కదిలింది. ఒంట్ల అంత జ్వరమున్నా పండుకోలే. గంట సేపు గట్లనే కదిలిచ్చుకుంట, చూసుకుంట కూసున్న." ఆయన చెయ్యి తొడ చివర, లుంగీ మడత మీద ఆగింది. "రెండు కాళ్ళతోని ఆఖరు గంట అది బేటీ. నువ్వు ఇచ్చిందేనా?"

ఆ గొంతులో కోపం ఉందో, షుకర్ ఉందో నాకు తెలియలేదు. మొహం చూస్తే తెలుస్తుంది. తలెత్తే ధైర్యం చాలక ఖాలా చేతుల వైపు చూశాను. తుంచబోయిన చిక్కుడుకాయ ఆమె వేళ్ళ మధ్య అలాగే ఆగిపోయి ఉంది. ఆమె కూడా ఆయన మొహం వైపే చూస్తోంది.